అరవై నాలుగు పేజీలు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, పనికిరాని వస్తువు ఇంట్లో ఒక్క పూట కూడా ఉండకూడదు. రెండు, ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో నాకు చూడగానే తెలిసిపోతుంది. మొదటి నమ్మకం వల్ల ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. రెండోదాని వల్ల జరిగినవన్నీ చెప్పుకుంటూ పోతే మీకూ విసుగు, నాకూ పరువు తక్కువ, కాబట్టి ఒక్కటే చెబుతాను. ఇప్పుడు అమెరికా దక్షిణాన అల్ఫారెట్టాలో మా ఇంటి గరాజ్ చూసినవాళ్ళు (కారు తప్ప అన్నీ ఉంటాయి అందులో) ఈ మాటలంటున్నది నేనేనా అని అనుమానపడతారు. వాళ్ళ తప్పేం లేదు, ఆ అనుమానం నాకూ అప్పుడప్పుడు వస్తుంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనెంత ధీమాగా ఉండేదాన్నో తలుచుకుంటే నవ్వు రావాలి, వస్తుంది కూడా. కానీ నవ్వు వెనకాలే కాస్త దిగులు వస్తుంది. అంత ధీమా మళ్ళీ నాకు ఏ విషయంలోనూ కలగలేదు.

చదువు పూర్తవగానే న్యూజెర్సీలో పార్సిప్పనీకి వచ్చిపడ్డాను. హైవేకి ఆనుకుని వరసగా ఇటుక రంగు అపార్ట్‌మెంట్లు, సాయంత్రం ఆరింటికి ఏ తలుపు ముందునుంచి నడిచినా పోపు వాసన. అందులో రెండు బెడ్‌రూముల ఇంట్లో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. అందరికన్నా పెద్దది గుంటూరు అక్క. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. అప్పటికే నాలుగు రాష్ట్రాల్లో కాంట్రాక్టులు చేసి, ఎక్కడికి వెళ్ళినా రెండు సూట్‌కేసులతో వెళ్ళి రెండు సూట్‌కేసులతోనే తిరిగొచ్చిన మనిషి. రెండో అమ్మాయిని కరీంనగర్ అని పిలిచేవాళ్ళం (ఆ పిల్లకి చక్కటి పేరుంది, పాపం ఎవరూ వాడలేదు). నన్ను వాళ్ళిద్దరూ చీపురు అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. శనివారం పొద్దున వాళ్ళు లేచేసరికి బల్ల మీది పాత ఉత్తరాలు, జత తప్పిన సాక్సులు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు అన్నీ చెత్తకుండీకి చేరిపోయేవి. "ఏయ్ చీపురూ, నా బస్ పాస్ గీడ పెట్టిన, కనవడ్తలేదేంది?" అని కరీంనగర్ అరిస్తే, నేను గబగబా మెట్లు దిగి వెనకున్న పెద్ద చెత్తడబ్బా దగ్గరికి పరిగెత్తిన రోజులు మూడో నాలుగో ఉన్నాయి.

ఇలాంటి మనిషికి దేవుడు సరిగ్గా సరిపోయే ఉద్యోగమే ఇచ్చాడు. మా కంపెనీ చాలా చిన్నది. పెద్ద పెద్ద ఆఫీసులు తమ ఫైళ్ళన్నీ దాచుకోవడానికి బీరువాలంత పెట్టెలు తయారుచేసేది. ఆ పెట్టె లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి, ఎవరికి ఏం కావాలన్నా పంచిపెట్టే భాగం కెర్నెల్. దాని మీద పనిచేసేది ముగ్గురం, అందులో నేను మూడోదాన్ని. మిగిలినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది మాస్టారి గురించి. యాభై ఏడేళ్ళుంటాయి. అమెరికా రాకముందు నరసాపురంలో లెక్కల లెక్చరరు. పాతికేళ్ళుగా కెర్నెల్ రాస్తున్నా చేతిలో చాక్‌పీసు ఉన్నట్టే మాట్లాడేవారు. ఆఫీసులో అందరూ ఆయన్ని పేరుపెట్టి పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాలేదు, మొదటి రోజే "మాస్టారూ" అన్నాను. ఆయన చుట్టూ చూసి, "ఆ మాట విని పాతికేళ్ళు దాటిందమ్మా" అన్నారు, సంతోషంగా.

ఆయనే నాకు పని నేర్పారు. "చూడమ్మా, మెమరీ అంతా పేజీలు. అన్నీ ఒకటే సైజు. అడిగినోడికి కెర్నెల్ ఇస్తుంది. ఎవడు పుచ్చుకున్నాడో వాడే తిరిగివ్వాలి. మర్చిపోయాడనుకో, ఆ పేజీ వాడు వాడడు, ఇంకోడికి రాదు. అలా రోజుకి కాసిన్ని పోయాయనుకో, వారం తిరిగేసరికి మన పెట్టె ఊపిరాడక పడుకుంటది."

"మరి మర్చిపోయినవాణ్ణి ఎలా పట్టుకోవాలండీ?"

"ఆయ్, అదే కదా నీ ఉద్యోగం" అన్నారు మాస్టారు.

మీరు నమ్మాలి, ఆ పూట నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అందరి వెనకాలా తిరిగి, వాళ్ళు వాడి వదిలేసినవి వెతికి, ఖాళీ చేసే పని! ఇంట్లో తిట్లు తింటూ చేసేదాన్ని ఇక్కడ జీతమిచ్చి చెయ్యమంటున్నారు. పేజీలకి వీళ్ళు పెట్టుకున్న పేర్లు కూడా నాకు తెగ నచ్చాయి. రాసిన సమాచారం ఇంకా డిస్క్‌కి చేరని పేజీని డర్టీ పేజీ అంటారు. అది డిస్క్‌కి చేరితే పేజీ క్లీన్, అప్పుడే దాన్ని ఖాళీ చేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. మురికి, శుభ్రం, ఖాళీ. నా జీవితాశయం మొత్తం ఆ మూడు మాటల్లో ఉంది. నెల తిరక్కుండా రెండు లీకులు (అలా తిరిగి రాని పేజీలని లీకు అంటారు) పట్టుకున్నాను. ఒకటి మా టీములోని అమెరికన్ రాసిన కోడ్‌లో దొరికింది. ఆయనకి నేను పెట్టుకున్న పేరు తథాస్తు. ఎవరు ఏ మార్పు చేసి చూడమని పంపినా నిమిషంలోపే "లుక్స్ గుడ్" అని ఆశీర్వదించేసేవాడు. తన కోడ్‌లో నేను తప్పు పట్టిన మార్పుని కూడా అలాగే ఆశీర్వదించాడు.

మా మేనేజరుకి పేరు కాలెండర్. ఆయన నోటివెంట తేదీలు తప్ప ఏమీ వచ్చేవి కావు. మార్చిలో ఒక సోమవారం నుంచి పెద్ద కస్టమర్ ఒకరు మా ల్యాబ్‌కే వచ్చి పెట్టెని వారం రోజులపాటు పూర్తి బరువుతో నడిపి చూస్తారని చెప్పాడు. అది నెగ్గితే ఆర్డరు, లేకపోతే మా టీము ఉంటుందో ఉండదో తెలియదు. నాకు ఇంకో చిక్కు కూడా ఉంది. చదువు తర్వాత పని చేసుకోవడానికిచ్చిన పర్మిట్ జూన్‌తో అయిపోతుంది. హెచ్ వన్ వీసా కాగితాలు ఏప్రిల్ మొదటి వారంలో పడాలి. ఎప్పుడు ఫైల్ చేస్తారని అడిగితే కాలెండర్ తన బోర్డు వైపు చూసి, "లెట్స్ ఫైల్ ఆఫ్టర్ ద టెస్ట్" అన్నాడు. అంటే పెట్టె వారం రోజులు నిలబడితే నేను ఈ దేశంలో నిలబడతాను. పెట్టె పడుకుంటే నేను గుంటూరు అక్కలా రెండు సూట్‌కేసులు సర్దుకోవాలి, కాకపోతే ఇంకో రాష్ట్రానికి కాదు.

అందుకని ఆ ముందు వారమంతా నేను మెమరీని చీపురు పట్టుకున్నట్టే ఊడ్చాను. ఏ పేజీ ఎవరి దగ్గర ఎంతసేపటి నుంచి ఉందో చూపించే పట్టిక ఒకటి తయారుచేసుకున్నాను. శుక్రవారం పొద్దున ఆ పట్టికలో అట్టడుగున కనిపించాయవి. అరవై నాలుగు పేజీలు. పెట్టె ఆన్ చేసిన క్షణంలో ఎవరో తీసుకున్నారు. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు, చదవలేదు, రాయలేదు. కోడ్ తెరిచి చూస్తే పక్కన కామెంట్‌లో రెండే రెండు మాటలు. "లీవ్ దీజ్." వీటి జోలికి పోకండి అని. కింద మాస్టారి పేరులో మొదటి అక్షరాలు. ఎందుకు పోకూడదో మాత్రం లేదు.

ఇక్కడ బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా ఏం చేస్తారు? లేచి వెళ్ళి అడుగుతారు. నేనూ లేచి వెళ్ళాను. మాస్టారి కుర్చీ ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ళ తెలుగు చర్చిలో శుక్రవారం నుంచి ఆదివారం దాకా కూటాలు. ఆయన అక్కడ డోలక్ వాయించేవారు. మామూలుగా వాయించడం కాదు, ఆ మూడు రోజుల కోసం ఆయన ఏడాదంతా సెలవులు దాచుకునేవారు. ఫోన్ చేయొచ్చు. నంబరు తీసి చూస్తూ నిలబడ్డాను కూడా. మా ఇంట్లో తాతయ్య పూజలో ఉంటే, గ్యాస్ అయిపోయిందని చెప్పడానికైనా హారతి అయ్యేదాకా గుమ్మం దగ్గరే ఆగేవాళ్ళం. అలా పెరిగిన పిల్లని. ప్రార్థనలో ఉన్న పెద్దమనిషిని అరవై నాలుగు పేజీల కోసం బయటికి పిలవడమేమిటి, పాపం తగులుతుందని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. (అంత భక్తి ఉన్నదాన్ని ఆయన రాసిన రెండు మాటల్ని ఎందుకు గౌరవించలేదని మీరడగొచ్చు. నేనూ నన్ను చాలాసార్లు అడిగాను.) ఎప్పుడో పాతకాలంలో పెట్టి మర్చిపోయి ఉంటారు, పెద్దవాళ్ళకి వస్తువులు దాచుకోవడం అలవాటే కదా అనుకున్నాను. ఆ అరవై నాలుగింటినీ ఫ్రీ చేసేసి, మార్పు పంపించాను. నలభై సెకన్లలో తథాస్తు. రెండు గంటలు నడిపి చూశాను, పెట్టె చక్కగా ఉంది. రెండు గంటల్లో మెమరీ సగం కూడా నిండదని, అసలు కథ నిండాక మొదలవుతుందని నాకప్పటికి తెలియదు. పైగా ఆ పెట్టెలో లక్షల పేజీలున్నాయి. వాటిలో అరవై నాలుగు ఏ మూలకి! అయినా సాయంత్రం ఇంటికెళ్ళి ఇద్దరికీ గొప్పగా చెప్పుకున్నాను.

మర్నాడు శనివారం. అదే ఊపులో ఫ్రిజ్ మీద పడ్డాను. గుంటూరు అక్క ఆ రెండు రోజులూ వాళ్ళ కజిన్ ఇంటికి వెళ్ళింది. ఫ్రిజ్ వెనక మూల ఒక చిన్న స్టీలు గిన్నె, దాని మీద మూత, లోపల అంటీ అంటనట్టు ఒకే ఒక్క చెంచాడు పెరుగు. దీన్ని కూడా ఒక గిన్నెలో పెట్టి దాచుకుంటారా అని నవ్వుకుని, గిన్నె తళతళలాడేలా తోమి బోర్లించాను.

ఆదివారం సాయంత్రం అక్క వచ్చింది. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక ఫ్రిజ్ తెరిచింది. అటు జరిపింది, ఇటు జరిపింది. "నా తోడు గిన్నె ఏదే?" అంది. నేను చాలా ఉత్సాహంగా సింక్ పక్కన మెరుస్తున్న గిన్నె చూపించాను.

అక్క అరిస్తే బాగుండేది. అరవలేదు. పాలగిన్నె పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఆ తోడు ఎక్కడిదో తెలుసా నీకు? నేపర్‌విల్‌లో మా పిన్నిగారిది. నేను షికాగోలో రైల్లో ఆఫీసుకి పోయే రోజుల్లో ఇచ్చింది. కొలంబస్ పోయాను, తీసుకుపోయాను. షార్లెట్ పోయాను, తీసుకుపోయాను. ఇక్కడికొచ్చేప్పుడు కార్‌లో సీట్‌బెల్ట్ కట్టి తెచ్చాను దాన్ని. మూడేళ్ళుగా ఒక్క రోజు తప్పించలా."

"షాపులో పెరుగు దొరుకుతుంది కదక్కా" అన్నాను.

"దొరుకుద్ది. పొయ్యి మీద పాలు కాచి దాంతో తోడెయ్యి. జిగురొస్తదో, పుల్లగా వస్తదో, ఏమొస్తదో నువ్వే చూద్దువుగాని."

కరీంనగర్ నా వైపు తిరిగి, "గా ఒక్క చెంచ పెరుగు నీకేం అడ్డమొచ్చిందే? అది తినేటందుకు కాదు, మళ్ళ పెరుగు చేసేటందుకు పెడ్తరు. మీ ఇంట్ల ఎన్నడు చూడలేదా?" అంది. చూశాను. చూసి కూడా నాకు తట్టలేదు. నాకు పెరుగంటే కంచంలోకి వచ్చేది, దాని ముందు జరిగే సంగతి అమ్మ చూసుకునేది. ఆ రాత్రి ముగ్గురం మజ్జిగ లేకుండా భోంచేశాం.

సోమవారం పరీక్ష మొదలైంది. కస్టమర్ తరఫున వచ్చింది ఒక పెద్దావిడ, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. పక్కనే కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుకుంటూ తెర చూస్తూ ఉండేది. సోమవారం బాగానే ఉంది, మంగళవారం కూడా బాగానే ఉంది. మాస్టారు కూటాల నుంచి వచ్చి, మూడు రోజులు డోలక్ కొట్టిన వేళ్ళకి టేపు చుట్టుకుని, పేరుకుపోయిన మెయిల్ చదువుకుంటున్నారు. బుధవారం పొద్దున పదకొండింటికి మెమరీ నిండింది. నిండటం మామూలే. నిండినప్పుడు కెర్నెల్ వాడని పేజీలను ఖాళీ చేసుకుంటూ ముందుకి పోవాలి. మా పెట్టె పోలేదు. దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఏ కీ నొక్కినా పలకదు. ఆవిడ అల్లిక ఆపి కళ్ళజోడు పెట్టుకుంది. కాలెండర్ గోడ గడియారం వైపు చూశాడు. నాకు కళ్ళముందు జూన్ నెల కనబడింది.

మాస్టారు వచ్చారు. పక్క స్క్రీన్ మీద అంకెలు పైనుంచి కిందికి చదివారు. ఒకచోట వేలు ఆగింది. నా వైపు తిరిగి, తెలుగులో, చాలా మెల్లిగా అడిగారు. "ఆ అరవై నాలుగూ ఏవమ్మా?"

"ఫ్రీ చేసేశానండీ" అన్నాను. (ఇంకా గొంతులో కాస్త గర్వం మిగిలే ఉంది. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.)

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. తర్వాత అందరూ వింటారని ఇంగ్లీషులో, నాకు అర్థం కావాలని మధ్యమధ్య తెలుగులో, బోర్డు మీద గీసి చెప్పారు. మెమరీ నిండా డర్టీ పేజీలే ఉన్నాయి. వాటిని ఖాళీ చేయాలంటే ముందు డిస్క్‌కి రాయాలి. రాయాలంటే ఏ పేజీ ఎక్కడికి వెళ్తోందో గుర్తు పెట్టుకోవడానికి రెండు మూడు ఖాళీ పేజీలు కావాలి. అవి లేవు. ఖాళీ పేజీ వచ్చేదాకా రాయలేదు, రాసేదాకా ఖాళీ పేజీ రాదు. "ఖాళీ చేయడానిక్కూడా కాస్త చోటు కావాలమ్మా. అంతా నిండిపోయిన రోజున ఆ చోటెక్కడ దొరుకుతుంది? అందుకని ముందే తీసి పక్కన పెట్టాను. ఆ రోజుకి తప్ప ఇంకెప్పుడూ వాడకూడదని."

నా బుర్రలో ఒక్కసారి ఏదో వెలిగింది. "పెరుగు!" అని అరిచాను.

ల్యాబ్ మొత్తం నా వైపు తిరిగింది. "వాటీజ్ పెరుగు?" అంది కళ్ళజోడావిడ. ఉద్యోగం పోతున్న మనిషి మామూలుగా ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు, నేను మాత్రం కస్టమర్ ముందు, మేనేజర్ ముందు నిలబడి, పెరుగు చేయాలంటే పెరుగే కావాలని, ఆ చెంచాడు పెరుగు చూడ్డానికి పనికిరానిదానిలా కనబడుతుందని, శనివారం దాన్ని నేను కడిగిపారేశానని, శుక్రవారం ఇక్కడ చేసింది కూడా అదేనని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అంతా చెప్పాక తెలిసింది, కంగారులో సగం తెలుగులోనే చెప్పానని. చివరి సగం, అంటే అసలు నేరం ఒప్పుకున్న సగం, మాస్టారికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడకి పెరుగు మాత్రం అర్థమైంది. తన ఇంట్లో రొట్టెల పిండికి పులుపు పెట్టుకునే సీసా ఒకటి పదకొండేళ్ళుగా ఉందని, దానికి పేరు కూడా పెట్టుకున్నానని, ఒకసారి మొగుడు దాన్ని సింక్‌లో ఒంపేస్తే రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదని చెప్పి పకపకా నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి కాలెండర్ కూడా నవ్వాడు. వచ్చే సోమవారం మళ్ళీ మొదటినుంచి నడుపుదామని ఆవిడే అంది.

ఆవిడ కాఫీకి వెళ్ళగానే కాలెండర్ నవ్వు ఆగిపోయింది. మా ముగ్గుర్నీ గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. "హూ టుక్ దెమ్ అవుట్?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, అది మాత్రం నమ్మండి. ఈలోగా మాస్టారు ఇంగ్లీషులో, "దట్స్ మై కోడ్. ఎందుకు పెట్టానో నేను రాయలేదు. చదివినవాళ్ళకి తెలిసే దారి లేదు. ద మిస్టేక్ ఈజ్ మైన్" అన్నారు. తర్వాత అదే గొంతుతో, అదే చిరునవ్వుతో, ఏదో సాంకేతిక విషయం చెబుతున్నట్టు నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "నోరెత్తావంటే ఊరుకోను. నాకు సిటిజన్‌షిప్పుంది, ఇల్లుంది. నీకు కాగితాల్లేవు. అవి పడేదాకా నీకేమీ తెలీదు. తల ఊపు."

నేను తల ఊపాను.

"వాట్ డజ్ షి సే?" అన్నాడు కాలెండర్.

"షి అగ్రీస్" అన్నారు మాస్టారు.

తథాస్తు కూడా ఐ అగ్రీ అన్నాడు, అలవాటు కొద్దీ. కాలెండర్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. రాసుకున్నది మాస్టారి పేరేనని నేను కూర్చున్న చోటునుంచి కనబడింది. ఆ గదిలో నాకు మాట్లాడే వీలు ఇంకో పది నిమిషాలుంది. మాట్లాడలేదు. భయం వేసింది. ఆ భయంలో కాస్త హాయి కూడా ఉంది, నా బదులు ఒకరు నిలబడ్డారని. చిన్నప్పటి తర్వాత అలాంటి హాయి నాకు మళ్ళీ అక్కడే దొరికింది.

పేజీలు తిరిగి పెట్టాం. ఈసారి పక్కన ఎందుకు పెట్టామో పద్దెనిమిది వరుసల కామెంట్ నాచేత రాయించారు. రెండో పరీక్షలో పెట్టె వారమంతా నిలబడింది. ఆఖరి రోజున కళ్ళజోడావిడ తను అల్లుతున్న స్వెటర్ పూర్తి చేసి, వెళ్తూ వెళ్తూ నాకు రొట్టె పులుపు కాస్త సీసాలో పోసి ఇచ్చింది (దాంతో ఏం చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు, కానీ దాన్ని పారేసే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది). నా కాగితాలు ఏప్రిల్ మొదటి వారంలో పడ్డాయి. అక్క మే నెలలో నేపర్‌విల్ వెళ్ళి పిన్నిగారి దగ్గర తోడు మళ్ళీ తెచ్చుకుంది. గిన్నె మీద టేపు అంటించి నా పేరు రాసి, కింద "దూరం" అని రాసింది.

మాస్టారి కాంట్రాక్టు ఆ ఆగస్టులో అయిపోయింది. మళ్ళీ పొడిగించలేదు. ఆ తప్పు వల్లేనా అంటే, అవునని నాకెవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. చివరి రోజు ఆయన సామాన్ల అట్టపెట్టె కారుదాకా మోసుకెళ్ళి, ఎండలో నిలబడి, "మాస్టారూ, ఆ రోజు నేను" అని మొదలుపెట్టాను. ఆయన డిక్కీ మూసి, "ఆకలేస్తోందమ్మా, తిని మాట్లాడుకుందాం" అన్నారు. తిన్నాం. ఆయన కూతురి పెళ్ళి గురించి, చర్చిలో కొత్తగా వచ్చిన కీబోర్డు వాడి తాళం గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేసేదాన్ని. ప్రతిసారీ ఈసారి చెప్పాలనుకునేదాన్ని. ఆయన ఎత్తగానే "ఏం ఖాళీ చేస్తున్నావమ్మా ఇప్పుడు?" అని నవ్వేవారు, నేనూ నవ్వేసేదాన్ని, మాట అక్కడితో పక్కకి పోయేది.

నాలుగేళ్ళ క్రితం ఆయన పోయారు. నేను అల్ఫారెట్టా నుంచి వెళ్ళలేకపోయాను. చర్చిలో ఆరాధన లైవ్ పెడితే ల్యాప్‌టాప్‌లో చూశాను. ఒక్కొక్కరూ వచ్చి ఆయన డోలక్ గురించి, ఆదివారం పిల్లలకి చెప్పిన లెక్కల గురించి, కొత్తగా వచ్చినవాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం గురించి చెప్పారు. అరవై నాలుగు పేజీల గురించి ఎవరికీ తెలియదు. పక్కనున్న చాట్‌లో "ఆ తప్పు నాదండీ" అని టైప్ చేశాను. వాళ్ళింట్లోవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని చెరిపేశాను. తర్వాత చాలాసేపు ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే ఒకటి అనుకున్నాను. ఆయనకి తిరిగివ్వలేనిది ఇంకెవరికైనా ఇస్తానని. నా కింద పనిచేసే పిల్లలెవరైనా ఏదో ఒక రోజు పెద్ద తప్పు చేయకపోరు, అప్పుడు "ద మిస్టేక్ ఈజ్ మైన్" అని నేనంటాను. నిజం చెప్పాలంటే ఆ మాటని అద్దం ముందు అనుకుని కూడా చూసుకున్నాను. కిందటేడు ఆ అవకాశం వచ్చింది. మా టీములో ఒక తెలుగు పిల్ల చేరింది. ఇక్కడే పుట్టి పెరిగింది, మీటింగుల్లో నన్ను పేరుపెట్టి పిలుస్తుంది, కాఫీ దగ్గర ఆంటీ అంటుంది. ఒకే పేజీని రెండుసార్లు ఫ్రీ చేసింది. అంటే మొదటిసారి ఖాళీ చేసి ఇంకొకరికి ఇచ్చిన పేజీని, వాళ్ళు వాడుకుంటుండగా చేతిలోంచి లాక్కోవడం. ఒక పొద్దుటిపూట సిస్టమ్ మొత్తం పడిపోయింది. మీటింగ్ పెట్టారు. మా పైఆఫీసరు ఎవరు చేశారని అడిగాడు. నేను వీపు నిటారుగా చేసి, గొంతు సవరించుకున్నాను.

"ఓ, దట్ వజ్ మి! సారీ గైజ్, ఫ్రీడ్ ఇట్ ట్వైస్" అంది ఆ పిల్ల, ద్రాక్షపళ్ళు తింటూ.

ఎవరో నవ్వారు. ఎవరో "హ్యాపెన్స్" అన్నారు. రెండు నిమిషాల్లో వేరే విషయానికి వెళ్ళిపోయారు. నేను సవరించుకున్న గొంతుతో అలాగే కూర్చున్నాను. మంచిదే కదా, ఆ పిల్లకి అలా అనగలిగే ధైర్యం ఉంది, ఫైల్ చేయవలసిన కాగితాలేవీ లేవు. సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఎన్నాళ్ళుగానో ఇవ్వాలని పట్టుకు తిరుగుతున్నది ఎవరికీ అవసరం లేదని తెలిస్తే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మీటింగయ్యాక కాఫీ దగ్గర ఆ పిల్ల వచ్చింది. "ఆంటీ, మీరు ఏదో చెప్పాలి అనుకున్నారు, నేను ఇంటరప్ట్ చేశాను. ఏంటి అది?"

"ఏం లేదమ్మా."

"మీరు ఎప్పుడైనా ఇట్లా బ్రేక్ చేశారా? లైక్, బిగ్ టైమ్?"

చెప్పాను. పెట్టె, శుక్రవారం, రెండు మాటల కామెంట్, తలుపు వేసిన గది, అన్నీ. ఆ పిల్ల చివరిదాకా విని, "సో ఆ పేజెస్ తీసింది ఎవరు అని అడిగితే, మీరు ఏం చెప్పారు?" అంది.

"ఏమీ చెప్పలేదమ్మా. తల ఊపాను." కాఫీ కప్పు కింద పెట్టాను. "తీసింది నేనే."

ఆ రోజు ఆ గదిలో అనవలసిన ఆ రెండు మాటలు ఒక మనిషి మొహం చూస్తూ అనడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. విన్న మనిషికి అప్పుడు బహుశా రెండో తరగతి. ఆ పిల్ల నా చెయ్యి మీద చెయ్యి వేసి, చాలా పెద్దరికంగా, "ఇట్స్ ఓకే, ఆంటీ" అంది. ఆ మాట అనవలసింది ఆ పిల్ల కాదు. అనవలసినవారు ఇప్పుడు లేరు. ఉండగా అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అయినా అంత నమ్మకంగా అన్నది కదాని, నవ్వి, తీసుకున్నాను.